క్యారెట్ రసంతో చేతులు పచ్చబడ్డాయి, సీఆర్‌పీ మాత్రం తగ్గలేదు

ప్రశ్న: నా వయసు 54. నాచారంలో ఉంటాం. థైరాయిడ్ తక్కువగా ఉందని ఆరేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులున్నాయి. రెండు నెలల కింద హెచ్‌ఎస్ సీఆర్‌పీ పరీక్షలో 4.6 వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, ఉందన్నారు. క్యారెట్, టమాటా, ఆకుకూరల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు దాన్ని తగ్గిస్తాయని చదివి, రోజూ పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకోగానే అరకిలో క్యారెట్లు, ఒక బీట్‌రూట్ రసం తీసి వడకట్టి తాగుతున్నాను. రాత్రి పాలల్లో పసుపు. కూరల్లో నూనె దాదాపు మానేశాను. ఇప్పుడు అరచేతులు పచ్చబడ్డాయి. సీఆర్‌పీ 4.4. మందుల షాపులో బీటా కెరోటిన్ ఉన్న యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ ఇచ్చి, మావారిని కూడా వేసుకోమన్నారు. ఆయన రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తారు. నేను చేసిన దాంట్లో తప్పెక్కడుంది? ఆ క్యాప్సూల్స్ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అన్నిటికంటే ముందు ఆ క్యాప్సూల్స్ సంగతి. మీవారికి ఒక్కటి కూడా ఇవ్వకండి. సిగరెట్ కాల్చేవాళ్ళకు బీటా కెరోటిన్ మాత్రలు మేలు చేయకపోగా కీడు చేశాయని రెండు పెద్ద పరిశోధనల్లో తేలింది. ఎందుకో కాస్త కింద వివరంగా చెబుతాం. ముందు మీ చేతుల సంగతి చూద్దాం.

పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి కంట్లో తెల్లగుడ్డు చూసుకోండి. అది తెల్లగానే ఉండి, అరచేతులు, అరికాళ్ళు, ముక్కు పక్క మడతలు మాత్రమే పచ్చగా ఉంటే అది కెరోటిన్ రంగు. కామెర్లలో ముందుగా పచ్చబడేది కన్ను. మూత్రం కూడా ముదురు రంగుకు మారుతుంది. కన్ను ఏమాత్రం పచ్చగా కనిపించినా ఈ సమాధానం చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కెరోటిన్ రంగే అయితే భయం లేదు. రసం మానేశాక కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుంది. విటమిన్ ఎ ఎక్కువై ఒంటికి విషమవుతుందన్న బెంగా అక్కర్లేదు. బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ గా కోసే ఎంజైము, ఒంట్లో నిల్వ సరిపడా ఉన్నప్పుడు తన పని తగ్గించుకుంటుంది. మిగిలిన కెరోటిన్ రంగుగానే కొవ్వులోకి, చర్మంలోకి చేరుతుంది.

థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళలో ఆ కోత ఇంకా మందగిస్తుంది. అందుకే అదే రసం తాగినా పక్కింటావిడకు పచ్చబడని చేతులు మీకు పచ్చబడొచ్చు. ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. ఇంకో మాట. థైరాయిడ్ మాత్ర మంచినీళ్ళతో వేసుకుని, ఆ తర్వాత అరగంట నుంచి గంటసేపు ఏమీ తీసుకోకూడదు. మీరు మాత్ర వెంటనే రసం తాగుతున్నానన్నారు. మాత్ర సరిగ్గా ఒంటబట్టకపోవడానికి అదీ ఒక కారణం కావొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చేతులు పచ్చబడ్డాయంటే కెరోటిన్ ఒంటికి చేరినట్టే. అరకిలో క్యారెట్లలో 25 నుంచి 40 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. పిప్పితో కొంత పోయినా, రెండు నెలలు రోజూ తాగితే చేరేది తక్కువేం కాదు. మరి చేరిన కెరోటిన్ సీఆర్‌పీని ఎందుకు తగ్గించలేదు? అది తెలియాలంటే కణంలో అది ఏ చోట పనిచేస్తుందో, ఏ చోట పనిచేయలేదో చూడాలి.

ఇన్‌ఫ్లమేషన్‌ను వాపు అంటాం గానీ కంటికి కనిపించే వాపు దానిలో ఒక భాగం మాత్రమే. వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, సలుపుతుంది. అది ఒంటికి అవసరమైన పని. ముల్లు తీసేశాక నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. హెచ్‌ఎస్ సీఆర్‌పీ పరీక్ష పట్టుకునేది అలా ఆగిపోకుండా నెలల తరబడి సన్నగా సాగే వాపును.

కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ ఉంటుంది. మామూలప్పుడు అది కేంద్రకం బయటే, ఐ-కప్పా-బి అనే మరో ప్రోటీన్ పట్టులో కదలకుండా ఉంటుంది. బాక్టీరియా తునక గానీ, సిగరెట్ పొగలోని రసాయనం గానీ, పక్క కణం పంపిన సంకేతం గానీ వచ్చి తగిలితే ఐకేకే అనే ఎంజైము మేలుకుంటుంది. ఐ-కప్పా-బి మీద ఫాస్ఫేట్ గుర్తు వేస్తుంది. గుర్తు పడ్డ ఆ ప్రోటీన్‌ను కణం ముక్కలు చేసి పారేస్తుంది. పట్టు వదిలిన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్ళి డీఎన్‌ఏకు అంటుకుని టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6, కాక్స్-2 వంటివి తయారు చేయిస్తుంది. మోకాళ్ళకు వేసుకునే నొప్పి మాత్రలు అడ్డుకునేది ఈ కాక్స్ ఎంజైములనే. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి కాలేయాన్ని చేరితే, కాలేయం సీఆర్‌పీని తయారు చేస్తుంది. మీ రిపోర్టులోని 4.6 ఈ గొలుసుకు చిట్టచివరి కొస.

కెరోటినాయిడ్లు ఈ గొలుసును మూడు చోట్ల తాకుతాయి. మొదటిది కణం పైపొర. ఇవి నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. అందుకే కొవ్వుతో అల్లుకున్న కణపు పొరలో కుదురుకుంటాయి. బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ పొర నడిమి భాగంలో ఉంటాయి. ఆకుకూరల్లోని లుటీన్‌కు రెండు కొసల్లోనూ నీటికి దగ్గరయ్యే భాగాలున్నాయి కాబట్టి అది పొర ఈ అంచు నుంచి ఆ అంచుకు దూలంలా నిలుస్తుంది. లైకోపీన్ అణువులో 40 కార్బన్లు, ఒకటి విడిచి ఒకటిగా వరసన 11 జంట బంధాలు ఉంటాయి. టమాటా ఎరుపు ఆ వరస వల్లే. రెచ్చిపోయిన సింగ్లెట్ ఆక్సిజన్ నుంచి శక్తిని లాగేసుకుని వేడిగా వదిలేసే గుణమూ ఆ వరస వల్లే వచ్చింది. ఇలాంటి ఆక్సిజన్ రూపాలు ఐకేకేను తట్టిలేపగలవు. అవి తగ్గితే ఆ తట్టడమూ తగ్గుతుంది.

రెండోదే మాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపిస్తుంది. కెరోటినాయిడ్ అణువులు కాలక్రమంలో ఆక్సిజన్‌తోనో ఎంజైములతోనో విరిగి చిన్న ముక్కలవుతాయి. పని చేసేది చాలావరకు ఆ ముక్కలేనని ప్రయోగశాల ఆధారాలు చెబుతున్నాయి. కణంలో కీప్-1 అనే ప్రోటీన్ ఎన్‌ఆర్‌ఎఫ్-2 అనే మరోదాన్ని పట్టి ఉంచుతుంది. ఈ ముక్కలు కీప్-1 లోని గంధకం ఉన్న చోట్లకు అంటుకుంటే ఆ పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్-2 కేంద్రకంలోకి వెళ్ళి గ్లూటాథయోన్ తయారు చేసే ఎంజైములను, హీమ్ ఆక్సిజినేజ్-1 ను పెంచుతుంది. ఇవి కణం సొంత రక్షణ సరంజామా. అవే ముక్కలు ఐకేకే మీద, ఎన్‌ఎఫ్-కప్పా-బి మీద ఉన్న అలాంటి చోట్లకే అంటుకుని వాటి జోరు తగ్గిస్తాయి. అంటే కొద్దిపాటి చురక పెట్టి కణాన్ని జాగ్రత్త పడేలా చేయడమే ఇక్కడి కిటుకు. చురక కొద్దిగా ఉన్నంతవరకే అది మేలు. ఈ మాట గుర్తుంచుకోండి, మీవారి విషయంలో మళ్ళీ వస్తుంది.

మూడోది విటమిన్ ఎ దారి. బీటా కెరోటిన్ సరిగ్గా మధ్యకు తెగితే రెండు రెటినాల్ అణువులవుతాయి. వాటి నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం, పేగు పొరను గట్టిగా ఉంచడంలో, రోగనిరోధక కణాలను అదుపు చేసే టీ కణాలను తయారు చేయించడంలో సాయపడుతుంది. లైకోపీన్‌కు, లుటీన్‌కు ఈ దారి లేదు. అవి విటమిన్ ఎ గా మారవు.

ఇంతవరకు చదివితే ఇక నొప్పి మాత్రలెందుకు అనిపిస్తుంది. కానీ గాజుపాత్రల్లో పెంచిన కణాల మీద ఈ ప్రయోగాలు చాలావరకు లీటరుకు 1 నుంచి 10 మైక్రోమోల్, అంతకు పైన కూడా వాడి చేసినవి. మన రక్తంలో లైకోపీన్ గానీ, బీటా కెరోటిన్ గానీ మామూలుగా 1 మైక్రోమోల్ కూడా ఉండదు. పైగా సంకేతాన్ని మెత్తబరచడం వేరు, దాన్ని పుట్టిస్తున్న కారణాన్ని తీసేయడం వేరు. పొయ్యి మంట తగ్గించకుండా పొంగే పాల మీద నీళ్ళు చిలకరిస్తే పొంగు ఒక్క క్షణం ఆగి మళ్ళీ లేస్తుంది. నడుము చుట్టూ కొవ్వు ఉంటే ఆ కొవ్వులో చేరిన రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 ను రాత్రీ పగలూ వదులుతూనే ఉంటాయి. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే అక్కడి బాక్టీరియా తట్టుతూనే ఉంటుంది. ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే, కాల్చేది మీవారే అయినా, మీ ఊపిరితిత్తులకూ ఆ దెబ్బ తగులుతూనే ఉంటుంది. మీ సీఆర్‌పీ కదలకపోవడానికి కారణం ఇక్కడ వెతకాలి. రసం ఇంకో గ్లాసు పెంచితే దొరకదు.

కూరగాయలు తినడం వల్ల సీఆర్‌పీ తగ్గదని మా ఉద్దేశం కాదు. 2005లో అచ్చైన ఒక జర్మన్ పరిశోధనలో పొగతాగని ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు నాలుగు వారాలు కెరోటినాయిడ్లు బాగా ఉన్న కూరగాయలు, పండ్లు పెట్టారు. రోజుకు ఎనిమిది వంతులు (ఒకసారి వడ్డించేంత ఒక వంతు) తిన్నవాళ్ళలో, రెండు వంతులే తిన్నవాళ్ళతో పోలిస్తే సీఆర్‌పీ తగ్గింది. వాళ్ళు తిన్నది రకరకాల కూరలు, పండ్లు. క్యారెట్ రసం ఒక్కటే కాదు. కూరగాయలతో పాటు పీచు, పొటాషియం, విటమిన్ సి వచ్చాయి. పళ్ళెంలో వేరే తిండి తగ్గింది. రక్తంలో కెరోటినాయిడ్లు ఎక్కువ ఉన్నవాళ్ళకు సీఆర్‌పీ తక్కువ ఉంటుందని తరచూ కనిపిస్తుంది గానీ దానిలో ఒక మెలిక ఉంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు రక్తంలోని కెరోటినాయిడ్లే పడిపోతాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే అది వాటిని పీల్చుకుని రక్తంలో తక్కువ చూపిస్తుంది. ఏది కారణమో ఏది ఫలితమో ఒక్క రక్తపరీక్షతో విడదీయలేం.

అందుకని మా సలహా: రసం ఆపేసి, అవే రంగులను పూట భోజనంలో, నూనెతో, నాలుగైదు రకాలుగా తినండి. మీ పద్ధతిలో ఒంటికి వెళ్ళింది దాదాపుగా ఒకే జాతి కెరోటిన్. లైకోపీన్ లేదు, లుటీన్ నామమాత్రం. అరకిలో క్యారెట్ల చక్కెర, 20 గ్రాములకు పైగా, పీచు లేకుండా పరగడుపున వెళ్ళింది. పోనీ మిగతా పూట కూరల్లోంచైనా వచ్చేదా అంటే నూనె మానేశారు.

నూనె మానడం దగ్గర కాస్త ఆగాలి. కెరోటినాయిడ్ పేగులోంచి రక్తంలోకి వెళ్ళాలంటే ముందు ఆకు కణం గోడ పగలాలి, తర్వాత కొవ్వులో కరగాలి, పైత్యరసం ఆ కొవ్వును సన్నటి బిందువులుగా విడగొట్టాలి. అప్పుడే పేగు కణం లోపలికి తీసుకుంటుంది. భోజనంలో కొవ్వు లేకపోతే పైత్యరసమూ సరిగా వదలదు. ఉప్పు, నిమ్మరసం మాత్రమే పిండిన సలాడ్ ఎంత తిన్నా దానిలోని రంగు చాలావరకు అలాగే బయటికి పోతుంది. ఇందుకు కావలసిన కొవ్వు ఎక్కువేం కాదు, పూటకు మనిషికి 3 నుంచి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. మీకు దగ్గర్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల ఆహారానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వు, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చెప్పింది. మీకు ఆకలి, బరువు బట్టి కొంత అటూ ఇటూ అయినా ఈ పాళ్ళు పట్టుకోండి.

టమాటా కూర వండేటప్పుడు గిన్నె అంచున చూడండి. మొదట నూనె తెల్లగా, టమాటా నీరు పలచగా ఎర్రగా, వేరువేరుగా ఉంటాయి. నీరు ఇగిరి ముక్క మెత్తబడ్డాక అంచున తేలే నూనె నారింజ ఎరుపుకు తిరుగుతుంది. నూనె తేలేదాకా మగ్గనివ్వమని పెద్దవాళ్ళు చెప్పేది రుచి కోసమే అయినా, ఆ క్షణంలో జరిగింది ఇదే. టమాటా కణాల్లో పలుకులుగా ఉన్న లైకోపీన్ బయటికి వచ్చి నూనెలో కరిగింది. నూనెలో వేడి తగిలితే ఆ తిన్నటి అణువు కొంత వంగిన రూపానికి కూడా మారుతుంది, ఆ రూపాన్ని పేగు ఇంకా సులువుగా తీసుకుంటుంది. నలుగురికి అరకిలో పండిన టమాటాలు, నాలుగు టీస్పూన్ల నూనె, మూతపెట్టి సన్నసెగ మీద 20 నుంచి 25 నిమిషాలు. ముందే నీళ్ళు పోస్తే ఇగరడానికి ఆలస్యమై విసుగొచ్చి మధ్యలోనే దించేస్తాం. ఆ తప్పు ఎక్కువగా జరుగుతుంది. వండని పండు టమాటా 100 గ్రాముల్లో లైకోపీన్ సుమారు రెండున్నర నుంచి 3 మిల్లీగ్రాములు.

ఆ కూరను ప్లాస్టిక్ డబ్బాలో ఆఫీసుకు పంపితే డబ్బాకు ఎర్రమరక పడుతుంది. సబ్బునీళ్ళకు పోదు. లైకోపీన్ నీటిని వదిలి ప్లాస్టిక్‌లోకి ఇంకింది మరి. డబ్బాను రెండు రోజులు ఎండలో పెట్టండి, మరక పలచబడుతుంది. వెలుతురు, గాలి కలిసి కెరోటినాయిడ్‌ను విరగ్గొడతాయనడానికి అది కళ్ళెదుట కనిపించే గుర్తు. మునగాకును పొడి కోసం ఎండలో ఎండబెట్టేవాళ్ళు దాని కెరోటిన్‌ను ఆ డబ్బా మరకలాగే పోగొట్టుకుంటున్నారు. నీడలో, గాలి ఆడే చోట, పలచగా పరిచి ఆరబెట్టి, పొడిని ముదురు రంగు డబ్బాలో, గాలి చొరకుండా పెట్టుకోవాలి.

ఆకుకూరల్లో పసుపు కనపడదు కాబట్టి చాలామంది కెరోటిన్‌కూ వాటికీ సంబంధం లేదనుకుంటారు. ఫ్రిజ్‌లో వారం మరచిపోయిన పాలకూర ఆకు పచ్చదనం పోయి పసుపుకు తిరుగుతుంది కదా, ఆ పసుపు అప్పుడు కొత్తగా వచ్చింది కాదు. ఆకుపచ్చ వర్ణకం ముందుగా నశించి, దాని చాటున మొదటినుంచీ ఉన్న లుటీన్, కెరోటిన్ బయటపడ్డాయి. రైతుబజార్లో తోటకూర, పాలకూర, మునగాకు, పొన్నగంటి, బచ్చలి ఏవి తాజాగా ఉంటే అవి తెచ్చుకోండి. లేత ఆకే కావాలన్న పట్టింపు వద్దు, ముదురు ఆకుపచ్చగా ఉన్న ఆకులోనే ఈ వర్ణకాలు ఎక్కువ. పప్పులో వేసి కుక్కర్లో ఉడికించి, మీద పోపు పెట్టినా సరే. పోపు నూనె అదే ముద్దలో కడుపులోకి వెళ్తుంది కాబట్టి పని జరుగుతుంది. తరిగాక కడిగితే విటమిన్ సి, ఫోలేట్ నీళ్ళలో పోతాయి గానీ కెరోటిన్ పోదు. అయినా ముందు కడిగి తర్వాత తరగడమే మంచిది. కరివేపాకును పళ్ళెం అంచుకు నెట్టేయడం మాత్రం మానుకోండి. మంచి కెరోటిన్ ఉన్న ఆకు అది. నమలడం కష్టమైతే పొడి కొట్టి, అన్నంలో నెయ్యితో కలుపుకోండి.

ఆకుకూరలు పెంచే ముందు రెండు జాగ్రత్తలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడేవాళ్ళు ఆకుకూరలను ఉన్నట్టుండి పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు పాలకూర, తోటకూర తగ్గించి మెంతికూర వైపు వెళ్ళడం మంచిది. బరువు తగ్గడానికి ఓర్లిస్టాట్ వాడేవాళ్ళకు కొవ్వుతో పాటు కెరోటినాయిడ్లు కూడా బయటికి పోతాయి.

పండ్లలో బొప్పాయి, పుచ్చకాయ, గులాబీ గుజ్జు జామ వండకుండానే బాగా పనిచేస్తాయి. వాటి గుజ్జులోంచి వర్ణకం తేలిగ్గా విడివడుతుంది. పుచ్చకాయలో లైకోపీన్ వండని టమాటాకంటే ఎక్కువే. భోజనం అయ్యాక తింటే ఆ భోజనంలోని నూనే దీనికీ సరిపోతుంది. ఏప్రిల్, మేలో బాటసింగారం మార్కెట్‌కు బంగినపల్లి దిగినప్పుడు మామిడిపండు తినండి. చక్కెర జబ్బు ఉంటే అరచెక్క చాలు. గుమ్మడి అంటే లోపల నారింజ రంగున్న తియ్యగుమ్మడి, వడియాలకు వాడే బూడిద గుమ్మడి కాదు. తెల్ల గుజ్జు చిలగడదుంపలో కెరోటిన్ ఉండదనే చెప్పాలి, నారింజ గుజ్జుదైతే బాగా ఉంటుంది. గుడ్డు తింటారా? పచ్చసొనలో లుటీన్ కొద్దిగానే ఉన్నా, కొవ్వుతో కలిసి ఉండటం వల్ల ఒంటికి బాగా పడుతుంది. క్యారెట్ మీద మీకు మక్కువ ఉంటే మానక్కర్లేదు. వారానికి రెండుమూడుసార్లు ఒక క్యారెట్ తురిమి, ఒక టీస్పూను నూనెలో ఐదు నిమిషాలు మగ్గించి తినండి.

మీరు కలిపి వాడుతున్న బీట్‌రూట్ రంగు కెరోటినాయిడ్ కాదు, అది బీటాలైన్ అనే వేరే కుటుంబం. నీటిలో కరుగుతుంది, అందుకే చేతికి అంటినది కడిగితే పోతుంది. పసుపులోని కుర్కుమిన్ కూడా కెరోటినాయిడ్ కాదు. దాని పని దానిది, పాలల్లో చిటికెడు వేసుకోవడంలో తప్పులేదు గానీ దాన్ని ఈ లెక్కలో కలపకండి. ఎండుమిరప ఎరుపు మాత్రం కెరోటినాయిడే, తాలింపులో నూనె ఎర్రబడేది దానితోనే. పామాయిల్ గురించి కూడా అడుగుతుంటారు. పండు గుజ్జు నుంచి తీసిన ముడి పామాయిల్ నారింజ ఎరుపులో ఉంటుంది, కిలోకు 500 నుంచి 700 మిల్లీగ్రాముల కెరోటినాయిడ్లు ఉంటాయి. మన ఇళ్ళకు వచ్చే శుద్ధిచేసిన పామోలిన్‌లో రంగు తీసేసి ఉంటుంది, దానితో పాటే కెరోటిన్ కూడా. దాన్ని కెరోటిన్ కోసం కొనకండి.

ఇప్పుడు మీవారి విషయం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద చేసిన పరిశోధనలో సగం మందికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనే ఆశతోనే ఇచ్చారు. 1994లో ఫలితాలు అచ్చయ్యేసరికి ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. అమెరికాలో 18,314 మంది మీద, అంటే పొగతాగేవాళ్ళు, మానేసినవాళ్ళు, ఆస్బెస్టాస్ పనివాళ్ళ మీద, 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చి చూశారు. అక్కడ 28 శాతం పెరిగింది. 1996 జనవరిలో అనుకున్న గడువుకు ముందే దాన్ని ఆపేశారు. పైన గుర్తుంచుకోమన్న చురక ఇక్కడికి వస్తుంది. ఊపిరితిత్తిలో ఆక్సిజన్ ఎక్కువ, పొగలో ఆక్సీకరణ రసాయనాలు ఎక్కువ. అక్కడ కెరోటిన్ కుప్పగా చేరితే విరిగిన ముక్కలు కూడా కుప్పలుగా పుడతాయి. పొగ పట్టించి ఎక్కువ మోతాదులో బీటా కెరోటిన్ ఇచ్చిన ఫెరెట్ జంతువుల ఊపిరితిత్తుల్లో రెటినాయిక్ ఆమ్లం తగ్గిపోయి, కణాల విభజన పెరిగింది. కొద్దిగా ఉన్నప్పుడు కణాన్ని జాగ్రత్తపరిచే ముక్కలే మితిమీరితే దాన్ని గాయపరుస్తాయి.

కూరల్లో వచ్చే కెరోటిన్ ఆయనకు ప్రమాదం కాదు. టమాటా కూర, తోటకూర పప్పు ఆయన కడుపునిండా తినొచ్చు. మాత్రే వద్దు. ఎప్పుడో సిగరెట్ మానేసినవాళ్ళకూ ఇదే మాట వర్తిస్తుంది. కంటి కోసం వాడే సప్లిమెంట్లలో కూడా పెట్టె వెనుక బీటా కెరోటిన్ ఉందేమో చదవాలి. 2013లో వచ్చిన ఏరెడ్స్-2 పరిశోధన తర్వాత దాని బదులు 10 మిల్లీగ్రాముల లుటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఉన్న మందే పొగ అలవాటు ఉన్నవాళ్ళకు సూచిస్తున్నారు. అదీ వయసుతో వచ్చే రెటీనా జబ్బు ఉన్నవాళ్ళకే, కంటి డాక్టర్ చెబితేనే. ఇక మీకైతే? అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్లలో సగం మంది రోజు విడిచి రోజు 50 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌ను 12 ఏళ్ళు తీసుకున్నారు, మేలూ కనపడలేదు, కీడూ కనపడలేదు. మీ చేతులు ఇప్పటికే పచ్చగా ఉన్నాయి. ఆ డబ్బా తిరిగిచ్చేయండి. సిగరెట్ పెట్టె మీద ముద్రించి ఉండే 1800-11-2356 నంబరుకు మీవారి చేత ఫోన్ చేయించండి, మానడానికి సాయం చేసే ఉచిత ప్రభుత్వ సేవ అది. మీ ఇద్దరి ఇన్‌ఫ్లమేషన్‌కూ దీనికి సాటివచ్చే కూర ఏదీ లేదు.

మీ మోకాళ్ళ గురించి ఒక ప్రశ్న మీరే వేసుకోండి. పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి, సడలడానికి ఎంతసేపు పడుతోంది? అరగంట లోపు సర్దుకుంటే అది ఎక్కువగా అరుగుదల. అరగంట నుంచి గంట దాటుతుంటే, చేతివేళ్ళ కీళ్ళు కూడా ఉబ్బుతుంటే, ఆలస్యం చేయకుండా కీళ్ళవాత నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు చేయిస్తారు. కీళ్ళవాతమైతే ఆహారంతో నెట్టుకురావడం ప్రమాదం, కీలు పాడైపోతే మళ్ళీ రాదు. నడుము చుట్టుకొలత టేపుతో కొలుచుకోండి. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే బరువు మీద దృష్టి పెట్టాలి. బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా సీఆర్‌పీ దిగుతుంది, మోకాళ్ళ మీద భారమూ దిగుతుంది. పళ్ళు తోమేటప్పుడు రక్తం వస్తుంటే పళ్ళ డాక్టర్ చేత గార తీయించుకోండి.

4.6 నుంచి 4.4 కు దిగడం తగ్గుదల కింద లెక్క కాదు. ఒకే మనిషిలో అంత తేడా ఏ కారణం లేకుండానే వస్తుంటుంది. 1 లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యరకం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతికి, అది తగ్గాకే మళ్ళీ కొలవాలి. ఈ పద్ధతి మొదలుపెట్టాక ఎనిమిది వారాలు ఆగండి. జలుబు, పంటినొప్పి, దెబ్బ, టీకా, వీటిలో ఏదీ లేని రోజుల్లో ఒకే ల్యాబ్‌లో రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి, రెండింటి సగటు తీసుకోండి. అప్పటికీ 3 పైనే ఉంటే రిపోర్టులు, మీరు వాడే మందుల చీటీ, టీఎస్‌హెచ్ ఫలితం మూడూ పట్టుకుని జనరల్ ఫిజీషియన్‌ను కలవండి.